ఎగతాళి వరస

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా ఆవిడ అంటుంది, మా అమ్మాయిలు అంటారు, నదీ కాపలా దళంలో నాతో పద్దెనిమిదేళ్లు పనిచేసిన వాళ్లలో ఎవరినడిగినా అంటారు. నేనూ కాదనను. నా నోటి దూల వల్లే సాంబుజాంగ్ కుజాబి ఉద్యోగం పోయిందని దళంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇన్నాళ్లూ అలాగే చెప్పుకోనిచ్చాను. అసలు సంగతి అంతకంటే సిగ్గుచేటు మరి.

నా పేరు బిరాన్ ఫాయ్. సెరేర్ వాణ్ణి. నదికి ఉత్తరాన, బర్రా రేవు దగ్గర పుట్టాను. సాంబుజాంగ్ జోలా వాడు, దక్షిణాన ఫోని వైపు పల్లె. మా రెండు జాతులకూ ఎగతాళి వరస. ఎప్పుడో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే పడవలో వస్తుంటే గాలివానకి పడవ రెండు ముక్కలైందట. ఉత్తరానికి కొట్టుకుపోయినావిడ మా అవ్వ, దక్షిణానికి కొట్టుకుపోయినావిడ వాళ్ల అవ్వ. అంచేత సెరేర్ వాడూ జోలా వాడూ ఎక్కడ ఎదురుపడ్డా, ముక్కూ మొహం తెలియకపోయినా, ఇంటిపేరు చెవిన పడితే చాలు, తిట్టుకోవచ్చు. నువ్వు నా బానిసవంటే నువ్వే నా బానిసవని, దొంగవని, తిండిపోతువని. అందులో కోపం తెచ్చుకున్నవాడు ఒట్టి మొరటు మనిషి కింద లెక్క.

దళంలో చేరిన మొదటి రోజు పేర్లు పిలుస్తుంటే "కుజాబి" అని వినపడింది. నేను ఊరుకోగలనా? వెనక వరసలోంచి అరిచాను.

"సార్, ఆ జోలా వాడికి తుపాకీ ఇవ్వకండి. అమ్ముకుని బియ్యం కొనుక్కుంటాడు!"

ముందు వరసలో ఒక పొడుగాటి మనిషి వెనక్కి తిరిగాడు. "ఎవడ్రా అది? ఫాయ్‌గాడా? మా తాత తిండి పెట్టలేక వదిలేసిన బానిస ఇక్కడ తేలాడన్నమాట!"

శిక్షణ ఇచ్చే ముసలి సార్జంటే కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ రోజు నుంచీ ఇద్దరిదీ ఒకే గది, ఒకే పడవ. ఇంజను వాడిది, చుక్కాని నాది. మడ అడవుల్లో దొంగ కలప పడవల వెంట పడినా, వానలో తడుస్తూ రేవు కాసినా, మూడు మార్లు మరగబెట్టిన టీ తాగుతూ మధ్యాహ్నాలు గడిపినా, మేము ఒకర్నొకరు మంచి మాటతో పిలుచుకున్నది లేదు. మా ఇద్దరికీ అదే బాగుండేది. సెలవు దొరికితే నేను మా ఊరు మానేసి వాళ్ల ఊరు పోయేవాణ్ణి. వాళ్లమ్మ సిబో నన్ను వీధి మొగలో చూడగానే గుండెలు బాదుకునేది.

"అమ్మో, కుండలు దాచండర్రా! నా బానిస ఊరి మీద పడ్డాడు!"

అలా అరుస్తూనే అందరికంటే పెద్ద చేప ముక్క నాకు పెట్టేది. నా కన్నతల్లి నా చిన్నప్పుడే పోయింది. ఆ సంగతి సిబోకి ఎవరూ చెప్పలేదు, తనంతట తనే కనిపెట్టేసింది.

ఇలా పన్నెండేళ్లు గడిచాయి. పన్నెండేళ్లూ ఇద్దరం కార్పొరల్స్‌గానే ఉన్నాం. వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. నాకు మాత్రం లోపల కుతకుతలాడేది. నా తర్వాత చేరినవాళ్లు సార్జంట్లయ్యారు. పొద్దున్నే వాళ్లకి సెల్యూట్ కొట్టాల్సి వచ్చేది. మా మామగారు పండక్కి అందరి ముందూ "మా అల్లుడు ఇంకా పడవ తోలుతున్నాడా?" అని అడిగేవాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

అప్పుడు మా దళానికి లెఫ్టినెంట్ విల్మాట్ కోకర్ వచ్చాడు. రాజధాని బంజుల్‌లో పుట్టినా నాలుగేళ్ల వయసులోనే తల్లిదండ్రులతో ఇంగ్లండు వెళ్లిపోయి, ముప్పై దాటాక తిరిగొచ్చిన మనిషి. అబద్ధం ఎందుకు చెప్పాలి, మంచివాడే. లంచం ఎరగడు, ఎవరినీ అరె ఒరే అనడు. జేబులో ఎప్పుడూ ఒక నోటు పుస్తకం. ఎవరేమన్నా అందులో రాసుకునేవాడు. మా ఎగతాళి గురించి మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. గాలి గురించీ ఎండ గురించీ ఎవరైనా చెబుతారా?

వానాకాలం. ఒక పొద్దున రేవులో కట్టిన రబ్బరు పడవకి వెనక ఉండాల్సిన మోటారు లేదు. ముందు రోజు సాయంత్రం ఆ పడవలో తిరిగొచ్చింది నేనూ సాంబుజాంగూ. కోకర్ అందర్నీ వరసలో నిలబెట్టాడు.

"మోటారు ఎక్కడ?"

సాంబుజాంగ్ నా పక్కనే నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అంతమంది అంత బిగుసుకుపోయి నిలబడితే నేను తట్టుకోలేను. చిన్నప్పుడు మసీదులో కూడా నా బుద్ధి అంతే.

"ఎక్కడుంటుంది సార్," అన్నాను. "ఈ జోలా వాడు అమ్ముకుని ఉంటాడు. పుట్టు దొంగలు వీళ్లు. నిన్న సాయంత్రం మోటారు భుజానేసుకుని వాళ్లమ్మ దగ్గరికి పోతుంటే నా కళ్లారా చూశాను. ఇంట్లో బియ్యం నిండుకున్నాయంట పాపం!"

అందరూ గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది సాంబుజాంగే. "సగం నీకిచ్చానుగా రా బానిసా! ఆ ముక్క మింగేశావేం?"

కోకర్ నవ్వలేదు. నోటు పుస్తకం తీశాడు. నా పేరు, వాడి పేరు, నేనన్న మాట, వాడన్న మాట, పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఇద్దరు మిలిటరీ పోలీసులొచ్చి సాంబుజాంగ్‌ని తీసుకెళ్లారు. వాడు అప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

"ఒరే ఫాయ్, నువ్వేగా పంపించావు! సాయంత్రం పొగాకు పట్టుకురా. ఉత్త చేతుల్తో వచ్చావో, చంపేస్తాను."

నేను నేరుగా కోకర్ గదికి పరిగెత్తాను. ఒట్టు, చెప్పేద్దామనే వెళ్లాను. "సార్, అది వేళాకోళం" అనే మాట నాలుక చివర పెట్టుకునే తలుపు తట్టాను. నేను నోరు తెరిచేలోగా అతను లేచి నిలబడ్డాడు. ఒక ఆఫీసరు నా కోసం లేచి నిలబడటం అదే మొదటిసారి.

"రండి కార్పొరల్, కూర్చోండి. మీ గురించి నేను తప్పుగా అనుకున్నాను. కబుర్ల మనిషి, పనికిరాడు అనుకున్నాను. స్నేహితుడని కూడా చూడకుండా అందరి ముందూ నిజం చెప్పారు. నాకలాంటి వాళ్లే కావాలి."

బల్ల మీద ఒక కాగితం నా వైపు తిప్పాడు. యుద్ధం నడుస్తున్న డార్ఫూర్‌కి వెళ్లే శాంతి సేన జాబితా. మా దళం నుంచి ఒక్క మనిషికే చోటుంది. ఎవరు వెళితే వాళ్లకి సార్జంట్ హోదా. పెన్సిల్‌తో రెండు పేర్లు రాసి ఉన్నాయి. కుజాబి, ఫాయ్. కుజాబి పేరు ముందుంది, దాని మీద గీత కొట్టేసి ఉంది.

"అది..." అన్నాను. అతను నా ముఖంలోకి చూస్తున్నాడు, ఎంతో గౌరవంగా. నేను "థాంక్యూ సార్" అని బయటికొచ్చాను.

వరండాలో నిలబడి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. విచారణ జరుగుతుంది కదా, అక్కడ తేలిపోతుంది. దళమంతా విన్నది, ఎగతాళి అని ఎవరికి తెలియదు? ఈ లోపు జాబితా పైకి వెళ్లిపోతుంది. వాడికి నాలుగు రోజులు లాకప్పు కొట్లో విశ్రాంతి, నాకు హోదా, ఎవరికీ నష్టం లేదు. సాయంత్రం పొగాకు తీసుకుని వెళ్లాను. సాంబుజాంగ్ ఊచల దగ్గరకొచ్చాడు.

"దొరగారికి చెప్పావా?"

"చెప్తాలే."

"నెమ్మదిగానే చెప్పులే. ఇక్కడ వేరుశెనగ పులుసు మన మెస్సులో కంటే బాగుంది. సెరేర్ వాడు వండలేదనుకుంటా."

నవ్వాను. నవ్వి ఇంటికొచ్చి అన్నం తిన్నాను. బాగానే తిన్నాను, అదే నాకిప్పుడు అసహ్యం.

విచారణ తొమ్మిది రోజుల తర్వాత జరిగింది. తలుపులేసిన గది. బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు. మధ్యలో వేరే శిబిరం నుంచి వచ్చిన ఒక ముసలి మేజరు. ఈ చివర నేను, ఆ చివర టోపీ లేకుండా, బెల్టు లేకుండా సాంబుజాంగ్. కోకర్ తన నోటు పుస్తకంలోంచి చదివాడు. మేజరు వింటూ వింటూ మా ఇద్దరి పేర్లూ మళ్లీ చూసుకున్నాడు. అతని మీసాల కింద నవ్వు కదిలింది.

"ఫాయ్. కుజాబి," అన్నాడు. "లెఫ్టినెంట్ గారూ, మీరు ఇక్కడ పెరగలేదు కదూ." తర్వాత నా వైపు తిరిగాడు. "ఏమయ్యా ఫాయ్, సూటిగా చెప్పు. నవ్వులాటకి అన్నావా, నిజంగా చూశావా?"

ఇంకేం కావాలి? ఆ పెద్దమనిషి దారి వేసి, తలుపు తీసి మరీ పట్టుకున్నాడు. నవ్వులాటకే సార్ అంటే ఆ క్షణంలో అందరం నవ్వుకుని, టీ తాగి, ఎవరి పడవకి వాళ్లం పోయేవాళ్లం. కోకర్ నా వైపు చూశాడు. నేను నవ్వులాట అంటే అంతమంది ముందు అతను వెర్రివాడవుతాడు. నా పేరు మీద కూడా గీత పడుతుంది. మామగారి నవ్వు చెవుల్లో వినిపించింది. ఇంత చిన్న విషయానికి ఒక మనిషిని ముంచేశానంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు, కానీ ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది అంతే.

"చూశాను సార్," అన్నాను.

సాంబుజాంగ్ ఫక్కున నవ్వాడు. నేను ఇంకా ఆట సాగదీస్తున్నాననుకున్నాడు. మేజరు ముందు కూడా వదలకుండా ఆడుతున్నానని మురిసిపోయాడు. "వీడు చచ్చినా మారడు సార్!" అంటూ తల అటూ ఇటూ ఊపాడు. తరవాతి ముక్క కోసం నా వైపు చూశాడు. నా దగ్గర తరవాతి ముక్క లేదు. వాడు నా ముఖం చూస్తూనే ఉన్నాడు. నవ్వు ఒక్కసారిగా పోలేదు, మెల్లగా పోయింది. మేజరు రెండోసారి అడిగాడు. నేను రెండోసారి కూడా అదే చెప్పాను.

సాంబుజాంగ్‌ని "నువ్వేమంటావ్?" అని అడిగితే, "ఏమీ లేదు సార్" అన్నాడు. నలభై రోజులు కొట్లో పెట్టి, యూనిఫాం తీసుకుని పంపించేశారు. వాడు వెళ్లిపోయిన రోజు నేను రేవులో లేను, కావాలనే బంజుల్ వెళ్లాను. నెల తిరక్కుండా భుజాన సార్జంట్ మూడు పట్టీలతో డార్ఫూర్ విమానం ఎక్కాను.

ఎండాకాలంలో మా దళం వంటవాడు అక్కడికి ఫోన్ చేశాడు. ఆటుకి నీళ్లు బాగా వెనక్కి పోయినప్పుడు ఆల్చిప్పలు ఏరుకునే ఆడవాళ్లకి బురదలో మోటారు దొరికిందట. రేవుకి పది అడుగుల దూరం కూడా లేదట. బిగింపు మరలు వదులై నీళ్లలోకి జారిపోయింది. ఆ సాయంత్రం ఆ మరలు బిగించింది నేనా, వాడా? ఎంత తవ్వుకున్నా నాకు గుర్తు రాలేదు. వాడికి గుర్తుండే ఉంటుంది. ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు.

ఇక నా పని అయిపోయిందనుకున్నాను. దొంగ సాక్ష్యానికి పట్టీలు పీకి జైల్లో వేస్తారు. మూడు వారాలు నిద్ర లేదు. పై నుంచి సాంబుజాంగ్‌కి ఉత్తరం వెళ్లింది, నీ మీద మచ్చ తీసేశాం, ఆ సాక్షి మీద ఫిర్యాదు చేస్తావా అని. వాడు జవాబు రాయించాడు. ఫిర్యాదేమీ లేదు, మాది ఎగతాళి వరస, అతను నవ్వులాటకన్నాడు, ఆఫీసరు గారికి అర్థం కాలేదు, అంతే అని. తలుపులేసిన గదిలో ఉన్న ముసలి మేజరు అప్పటికి రిటైరయ్యాడు, మిగతా ఇద్దరు ఆఫీసర్లూ వేరే చోట్లకి మారిపోయారు, కోకర్ పై చదువుకి మళ్లీ ఇంగ్లండు వెళ్లిపోయాడు. అలా నేను బతికిపోయాను. తిరిగి చేరమంటే సాంబుజాంగ్ చేరలేదు. తాంజీ రేవులో చేపల పడవల ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడని విన్నాను.

నేను తిరిగొచ్చాక నాలుగేళ్లపాటు తాంజీ వైపు గానీ వాళ్ల ఊరి వైపు గానీ అడుగు పెట్టలేదు. ముఖం చెల్లలేదు. వాళ్లమ్మ మాత్రం వచ్చేపోయేవాళ్లతో కబురు పెడుతూనే ఉండేది. "ఆ బానిసగాడు దారి మర్చిపోయాడా? పాపం నవ్వులాటకన్నదానికి ఇంత బాధపడతారా, రమ్మనండి." కొడుకు ఆమెకి కూడా నిజం చెప్పలేదన్నమాట. ఆ కబురు వచ్చిన ప్రతిసారీ, వచ్చే వారం తప్పకుండా వెళతాను అనుకునేవాణ్ణి.

ఒక పొద్దున సిబో పోయిందని తెలిసింది.

జోలా ఇంట్లో చావుకి సెరేర్ వాడు వెళ్లాలి. వెళ్లి ఏడవకూడదు. శవాన్ని తిట్టాలి, పాడెకి అడ్డం పడాలి, ఏడ్చే వాళ్లని నవ్వించాలి. ఇంకెవరూ చెయ్యలేని పని అది, వరసైన వాడే చెయ్యాలి. నేను తెల్ల అంగరఖా తొడుక్కుని, దొరికిన వ్యాను ఎక్కి, మధ్యాహ్నం నమాజు వేళకి ఊరు చేరాను. వాకిట్లో పాడె సిద్ధంగా ఉంది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు నన్ను చూడగానే తడి కళ్లతోనే అరిచారు.

"సిబో బానిస వచ్చాడు! వచ్చాడర్రా!"

జనం పక్కకి జరిగి దారిచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది. వెళ్లి పాడె ముందు మట్టిలో అడ్డంగా పడుకుని, దాని కాలు పట్టుకున్నాను.

"ఎక్కడికి మోసుకుపోతున్నారు దీన్ని? ఇది నా బానిస! నన్నడక్కుండా ఎలా పోతుంది? అంతా దొంగ నిద్రర్రా, పని ఎగ్గొట్టడానికి! లేవే సిబో, పొయ్యి మీద అన్నం మాడుతోంది! నువ్వు లేకపోతే ఆ కుండలు ఎవత్తె దాస్తుందే నా నుంచి?"

ఒక ముసలావిడ కొంగులో ముఖం దాచుకుని నవ్వింది. మరో నలుగురు నవ్వారు. నేను అరుస్తూనే ఉన్నాను. ఇప్పుడు వాడొస్తాడు, నా కాలు పట్టుకుని ఈడ్చి పారేస్తాడు, లేవరా బానిసా అంటాడు, అదే చాలు. ఒక్క తిట్టు తిడితే చాలు. దాని కోసమే వచ్చాను.

సాంబుజాంగ్ ఇంట్లోంచి వచ్చాడు. గడ్డం నెరిసింది. నా పక్కన వంగి, రెండు చేతులతో నా భుజం పట్టుకుని మెల్లగా లేపాడు.

"లేవండి సార్జంట్ గారూ. బట్టలు మాసిపోతాయి."

అంగరఖాకి అంటిన మట్టి కూడా దులిపాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. "సార్జంట్ గారు చాలా దూరం నుంచి వచ్చారు. ఎవరైనా కుర్చీ వెయ్యండి."

నవ్వులు ఆగిపోయాయి. కొంగులో నవ్విన ముసలావిడ వాడి వైపు చూసింది, నా వైపు చూసింది. ఇన్నేళ్లుగా ఆ ఊరికి తెలియని సంగతి ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. ఆ ఇంట్లో కుర్చీ లేదు, పక్కింటి నుంచి తెచ్చారు. పాడె ఎత్తుతుంటే నేనూ భుజం పట్టబోయాను. ఎవరో నా చేతిని మర్యాదగా తప్పించి, "మీరు కూర్చోండి" అన్నారు. మగవాళ్లంతా శ్మశానానికి వెళ్లారు. నేను ఆ వాకిట్లో, ఆడవాళ్ల మధ్య, కుర్చీలో కూర్చున్నాను.

వాళ్లు తిరిగొచ్చాక చాపల మీద పెద్ద పెద్ద బేసిన్లలో అన్నం పెట్టారు. ఒక్కో బేసిన్ చుట్టూ ఏడెనిమిది మంది కూర్చుని చేతులు పెట్టారు. సాంబుజాంగ్ కూడా అక్కడే కూర్చున్నాడు. నేను కుర్చీలోంచి లేవబోతుంటే ఒక కోడలు పిల్ల పళ్లెం పట్టుకొచ్చి నా చేతికిచ్చింది. నా ఒక్కడికే విడిగా, పెద్ద చేప ముక్క వేసి పెట్టారు.

"మొహమాటపడకండి, తినండి," అంది.

అందులో చెంచా కూడా వేశారు.